కట్టని గదిలోని వెలుగు

మాఘ ఫాల్గుణ మాసములలో గుంటూరు సీమ పల్లెలలో మిరప కల్లములు నిండి యుండును. ఇంటి ముంగిట పరచిన ఎండుమిరప మీద ప్రొద్దుటి ఎండ పడినప్పుడు ఎదుట నున్న సున్నపు గోడ తెల్లగా ఉండదు. నేలకు దగ్గరగా గోడ అడుగుభాగము లేత కుంకుమ రంగు తిరుగును. వసారా కప్పు లోతట్టు సైతము కొంచెము కెంపు తేలును. గోడకు ఎవరును రంగు పూయలేదు. కల్లము ఎత్తివేసిన మరునాడు గోడ మరల తెల్లనిదే. ఎండ మొదట మిరప మీద పడి, అచ్చట ఎరుపు నద్దుకొని, గోడమీదికి ఎగసినది. ఇదియే అందులోని మర్మము.

ఈ సంగతి కల్లము ఊడ్చు ఇల్లాలికి తెలియును. బొమ్మలు వేయు చిత్రకారునికి తెలియును. కాని కంప్యూటరుకు దీనిని నేర్పుటకు శాస్త్రజ్ఞులకు సుమారు ఇరువది సంవత్సరములు పట్టెను. నేర్పిన పిమ్మట మానవునకు ఒక విచిత్రమైన విద్య చేజిక్కినది. ఎన్నడును కట్టని గదిని, కట్టి ఛాయాచిత్రము తీసినట్లే చూపుట ఆ విద్య. గుంటూరులోను, ఒంగోలులోను, విజయవాడలోను వీథి ప్రక్కల నిలిపిన ఇండ్ల ప్రకటనలలో మనము చూచు సోఫాలు, తెరలు, గచ్చుమీద వాలిన ఎండ, వీనిలో పెక్కింటిని ఏ కెమెరాయు చూడలేదు. అవి లెక్క కట్టిన వెలుగులు. ఈ విద్య ఎట్లు పుట్టినది, మన అమరావతి నేలతో దానికి ఏర్పడిన సంబంధమెట్టిది, దానిని ఎంతవరకు నమ్మవలెను అను మూడు విషయములను ఈ ప్రసంగమున విన్నవింప దలచితిమి.

కట్టడమును చిత్రములో చూపుట మనకు క్రొత్త కాదు. కృష్ణకు దక్షిణపు టొడ్డున, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరియున్న అమరావతిలో, క్రీస్తుకు పూర్వపు శతాబ్దములలో మొదలై క్రీస్తు తరువాత మూడవ శతాబ్దము దాక పెంపొందుచు వచ్చిన మహాచైత్యము ఉండెడిది. దాని అండము అడ్డుకొలత సుమారు 50 మీటర్లు. అండము క్రింది వేదికకు పలనాటి సున్నపురాతి ఫలకములను తొడిగిరి. ఆ ఫలకములలో కొన్నింటి మీద శిల్పులు చెక్కిన బొమ్మ ఏది? ఆ స్తూపమే! చుట్టును ప్రాకారము, ద్వారమున సింహములు, ముందు ఐదు ఆయక స్తంభములు, అండముమీద పూలదండలు, ఆకాశమున దేవతలు, ప్రదక్షిణము చేయు భక్తులు, అన్నియు ఒక్క రాతిపలకలో ఇమిడినవి. మహాచైత్యము తన ఒడిలోనే తన చిత్రమును మోసినది.

స్తూపమునకు లోపలి గది లేదు. కాని అమరావతి శిల్పులు గదులను చెక్కకపోలేదు. మాయాదేవి స్వప్నము, శుద్ధోదనుని కొలువు మొదలగు ఘట్టములలో స్తంభములు, పీఠములు, పానుపులు, పరిచారికలు ఉన్న అంతఃపురములు మనకు కనబడును. చెన్నై మ్యూజియములో నున్న నాళగిరి శిల్పమున వీథిలో మదపుటేనుగు విజృంభించుచుండగా, మేడ కిటికీలనుండి జనము తొంగిచూచుచుందురు. ఒకరి వెనుక నొకరిని నిలుపుటచేతను, రాతిని లోతు మార్చి చెక్కుటచేతను ఆ శిల్పులు రాతిలో లోతును పుట్టించిరి. వెలుగును మాత్రము చెక్కవలసిన పని వారికి లేకపోయెను. ఎండయే వచ్చి ఆ గదులను వెలిగించెడిది.

కట్టడము నిలువలేదు. పదునెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన నివాసమును చింతపల్లినుండి అమరావతికి మార్చి క్రొత్త పట్టణమును కట్టించుచున్నప్పుడు, ఇటుకకును రాతికిని దిబ్బను త్రవ్విరి. సర్వేయరు కాలిన్ మెకంజీ 1797లో ఆ చోటును చూచెను. 1816లో తిరిగివచ్చి, తన చిత్రకారులచే మిగిలిన ఫలకములను కొలతలతో గీయించెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన రాళ్లు మదరాసు చేరినవి. వానిలో పెక్కు తరువాత లండనుకు ఓడనెక్కినవి. నేడు అమరావతిలో మిగిలినది తక్కువ ఎత్తు దిబ్బ. శిల్పములు కొన్ని అచ్చటను, కొన్ని చెన్నైలోను, కొన్ని బ్రిటిష్ మ్యూజియములోను ఉన్నవి. ఆ మహాచైత్యపు రూపమెట్టిదని విద్వాంసుల నడిగినచో, వారు మొదట చూపునది ఆ ఫలకముల మీది బొమ్మనే. కట్టడము పోయినది. కట్టడపు బొమ్మ సాక్షియై మిగిలినది.

ఇచ్చట ఒక మాట గుర్తుంచుకొనవలెను. ఆ బొమ్మలు ఒకదానితో నొకటి పూర్తిగా సరిపోవు. ఒక ఫలకములో నున్న అలంకారము వేరొకదానిలో ఉండదు. శిల్పి కొలతబద్ద పట్టి చెక్కలేదు. భక్తితో, తన చేతి అలవాటుతో చెక్కెను. కనుక ఆ బొమ్మ సాక్షియే గాని అచ్చమైన నకలు కాదు. ఈ భేదమే మన కథకు కీలకము.

ఇక వెలుగు సంగతి. బయట నిలిచిన గోపురమును చిత్రించుట కొంత సులభము. సూర్యుడొకడు, ఆకాశమొకటి. గదిలో అట్లు కాదు. తూర్పు కిటికీలో పడిన ఎండ మొదట గచ్చును తాకును. గచ్చునుండి గోడకు, గోడనుండి కప్పుకు, కప్పునుండి మూలనున్న బీరువా మీదికి అది ప్రాకును. ఎండ నేరుగా పడని మూలలలో కూడ మనము పుస్తకము చదువగలుగుచున్నామన్నచో అది ఈ చేతులు మారిన వెలుగు చలువయే.

ఉపరితలములు ముఖ్యముగా రెండు తెగలు. సున్నపు గోడ మొదటి తెగ. తనమీద పడిన వెలుగును అది అన్ని దిక్కులకును చల్లును. ఏ ప్రక్కనుండి చూచినను ఒకే తెలుపు. మార్కాపురపు పలక కూడ ఈ తెగకు దగ్గర. చీమకుర్తి నల్ల గ్రానైటు రెండవ తెగ. మెరుగు పెట్టినచో అది అద్దమువలె వెలుగును ఒకే దిక్కునకు త్రిప్పి పంపును. దానిలోని చిన్న ఖనిజపు రేకులు నక్షత్రములవలె మినుకుమనుచుండుటచేత వర్తకులు ఆ రాతికి గెలాక్సీ అని పేరు పెట్టిరి. మొదటి తెగ ఉపరితలము వెలుగును ఏ లెక్కన చల్లునో యోహాన్ హైన్‌రిఖ్ లాంబర్ట్ అను శాస్త్రజ్ఞుడు 1760లోనే ఒక గ్రంథమున సూత్రీకరించెను. ఎండ నిట్టనిలువుగా పడినచో గోడ మిక్కిలి వెలుగును. ఏటవాలుగా పడినకొలది మసకబారును. ఆ సూత్రము రెండువందల ఏండ్లకు పైగా తన పని కొరకు కాచుకొని యుండెను.

1963లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఐవాన్ సదర్లండ్ అను యువకుడు కంప్యూటరు తెరపై కాంతి కలముతో గీతలు గీయు పద్ధతిని నిర్మించెను. అది గీతల బొమ్మయే. గోడలు లేవు, నీడలు లేవు. పిమ్మట యూటా విశ్వవిద్యాలయము ఈ విద్యకు పుట్టినిల్లయ్యెను. 1971లో హెన్రీ గూరో వంపు తిరిగిన ఉపరితలములకు నునుపుగా ఛాయలు దిద్దు ఉపాయమును చెప్పెను. వియత్నాము దేశీయుడగు బుయి టూంగ్ ఫాంగ్ 1975లో మెరుగు మచ్చను చూపు సూత్రమును ప్రకటించెను. ఆ సంవత్సరముననే అతడు చిన్న వయస్సున కన్నుమూసెను. అతని పేరు మాత్రము ఈ విద్య నభ్యసించు ప్రతి విద్యార్థి నోటను నేటికిని ఆడుచున్నది.

1980లో బెల్ ప్రయోగశాలకు చెందిన టర్నర్ విట్టెడ్ కిరణములను వెనుకకు నడిపించెను. దీపమునుండి బయలుదేరిన వెలుగులో కన్ను చేరునది లేశము. కనుక కంటినుండియే ఒక కిరణమును గదిలోనికి పంపి, అది దేనిని తాకినదో, అచ్చటనుండి ఏ అద్దములోనికి మళ్లినదో, ఏ గాజులో దూరినదో లెక్క కట్టుట అతని మార్గము. గాజు గోళము, అద్దపు గోళము, వానిలో గళ్ల గచ్చు ప్రతిబింబము చూచి లోకము విస్తుపోయెను. ఒక్క బొమ్మకు కంప్యూటరు గంటకు పైగా శ్రమించెను. చీమకుర్తి గ్రానైటుకు ఆ మార్గము చక్కగా సరిపోవును. సున్నపు గోడకు సరిపోదు. విట్టెడ్ గదిలో మిరప కల్లము పెట్టినచో గోడ తెల్లగానే నిలిచియుండెడిది.

ఆ లోటు 1984లో తీరెను. కార్నెల్ విశ్వవిద్యాలయమున సిండీ గోరల్, కెనెత్ టారెన్స్, డొనాల్డ్ గ్రీన్‌బర్గ్, బెనెట్ బటాయిల్ అను నలుగురు కలిసి ఒక పత్రమును వెలువరించిరి. వారు అరువు తెచ్చుకొన్నది ఉష్ణశాస్త్రమునుండి. కొలిమి గోడలు వేడిని ఒకదానికొకటి ఎట్లు పంచుకొనునో ఇంజనీర్లు అంతకుముందే లెక్క కట్టియుండిరి. వేడి స్థానమున వెలుగును పెట్టినచో గది లెక్క తేలును. గోడలను చిన్న చిన్న ముక్కలుగా విభజింతురు. ప్రతి ముక్క వెలుగును తక్కిన ముక్కలన్నింటి వెలుగుమీద ఆధారపడును. ఊరిలో అందరును అందరికిని చేబదులు లిచ్చుకొని, చివరకు ఒక్క రాత్రి కూర్చుండి చిట్టా తేల్చుకొన్నట్లు, సమీకరణములన్నింటిని ఒక్కమారు సాధించిరి. వారు చేసిన చిన్న పెట్టె వంటి గదిలో ఒక గోడ ఎరుపు. ఎరుపు గోడకు దగ్గరనున్న తెల్లని తావులందు లేత ఎరుపు తేలినది. మన వసారాలో ప్రతి ఏడును జరుగు వింత మొదటిసారి యంత్రపు తెరమీద జరిగినది.

అది నిజమేనా అని వారే శంకించిరి. మెచ్చదగిన సంగతి ఇది. అట్టి పెట్టెనే కొయ్యతో నిజముగా చేయించి, దీపము పెట్టి, వెలుగును కొలిచిరి. అసలు పెట్టెను, కంప్యూటరు బొమ్మను ప్రక్కప్రక్కన కెమెరా అద్దములలో చూపి, ఏది అసలో చెప్పుడని జనమును అడిగిరి. 1986లో ప్రకటించిన ఫలితము ప్రకారము చూచినవారు గుడ్డిగా ఊహించినదానికంటె మెరుగుగా చెప్పలేకపోయిరి. చరిత్రలో ఇది ఒక గడప. ఆ గడప దాటిన నాటినుండి కంటికి కనబడినంత మాత్రమున గది ఉన్నదని చెప్పుటకు వీలు లేకపోయినది.

ఆ 1986లోనే జేమ్స్ కజియా అను శాస్త్రజ్ఞుడు అద్దమును, గోడను, గాజును ఒకే సూత్రములో ఇమిడ్చి, దానిని సాధించుటకు ఒక దారి చూపెను. ఆ దారి మన గుంటూరు మిర్చి యార్డులో ప్రతిదినము నడచునదే. వర్తకుడు లారీలోని ప్రతి కాయను చూడడు. కొన్ని బస్తాలలో చేయిపెట్టి మచ్చు తీయును. మచ్చునుబట్టి సరుకు అంచనా కట్టును. వెలుగు గదిలో నడచు దారులు లెక్కకు మించినవి. కనుక కంప్యూటరు కొన్ని దారులను పాచికలు వేసినట్లు ఎంచుకొని, వాని సగటు తీయును. మచ్చు చాలకపోయినచో బొమ్మ అంతటను ఇసుక చల్లినట్లు మచ్చలు కనబడును. ఆ ఇసుకను సగమునకు తగ్గింపవలెనన్నచో మచ్చును నాలుగింతలు పెంచవలెను. ఈ నియమమే ఈ విద్యను ఏండ్ల తరబడి ధనికుల సొత్తుగా ఉంచినది.

యంత్రములు వేగము పుంజుకొన్నకొలది ఆ కట్టు సడలెను. అమెరికాలోని బర్క్లీ ప్రయోగశాలలో గ్రెగ్ వార్డ్ నిర్మించిన రేడియన్స్ అను సాధనము వాస్తుశిల్పులకు గదిలో దీపములు చాలునా చాలవా అని కట్టకముందే లెక్క చెప్పసాగెను. బల్గేరియా దేశమునుండి వీ-రే అను సాధనము వచ్చెను. 2002లో బ్లెండర్ అను సాఫ్ట్‌వేరును అందరికిని ఉచితముగా విడుదల చేసిరి. కజియా చూపిన దారిలో నడచు భాగమును 2011లో దానికి చేర్చిరి. 2018నుండి కిరణముల లెక్కను ప్రత్యేకముగా చేయు చిప్పులు బజారుకు వచ్చినవి. నాడు గొప్ప ప్రయోగశాలలు చేసిన పనిని నేడు మన ఊరి యువకుడు తన బల్లమీది కంప్యూటరుతో చేయగలడు.

అతడు చేయు పనిని విడమరచి చూచినచో ఐదు మెట్లు కనబడును. మొదట ప్లాను కొలతలతో గోడలను, కప్పును, కిటికీలను నిలుపును. పిమ్మట ప్రతి వస్తువునకు దాని స్వభావమును చెప్పును: ఇది సున్నము, ఇది గ్రానైటు, ఇది టేకు కొయ్య, ఇది నేత బట్ట. ఆపై ఊరు అక్షాంశము, మాసము, వేళ చెప్పి సూర్యుని నిలుపును. తరువాత కెమెరా ఎచ్చట పెట్టవలెనో నిర్ణయించును. చివరకు లెక్కను యంత్రమునకు వదలును. ఆరితేరినవారు ఇంకొక రహస్యము చెప్పుదురు. బొమ్మ నిజమువలె కనబడవలెనన్నచో అందులో లోపము లుండవలెను. బల్ల అంచు కొంచెము అరిగియుండవలెను. గోడ మీద తాపీమేస్త్రి చేతి వంపు తెలియవలెను. మచ్చలేని గదిని మన కన్ను నమ్మదు.

తెలుగువారు ఈ దారిలో వెనుకబడలేదు. 1957లో వెలువడిన మాయాబజారులో కళాదర్శకులు గోఖలే, కళాధర్, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ కలిసి చిన్న నమూనాలతోను దీపములతోను ద్వారకా పురిని నిలిపిరి. నమూనామీద వెలుగు సరిగా పడినచో బొమ్మరిల్లు రాజభవనమగునని వారు చూపిరి. 2015లోను, 2017లోను వచ్చిన బాహుబలి చిత్రములలో సాబు సిరిల్ కట్టించిన సెట్టులకు హైదరాబాదులోని మకుట మొదలగు సంస్థలు కంప్యూటరు సాయముతో మాహిష్మతీ నగరమును జతచేసినవి. ఎచ్చట కొయ్య ఆగినదో, ఎచ్చట లెక్క మొదలైనదో ప్రేక్షకునికి తెలియలేదు. తెలియవలసిన అగత్యమును లేదు. అది కథ అని ఎరిగియే అతడు టికెట్టు కొన్నాడు.

కథ అని ఎరుగనిచోట ఏమగును? ఈ ప్రశ్న మనలను మరల కృష్ణ ఒడ్డునకు తెచ్చును.

2014 జూన్ 2న రాష్ట్రము విడిపోయిన పిమ్మట, గుంటూరు జిల్లాలోని తుళ్లూరు పరిసరములను రాజధానికి ఎంచి, పాత స్తూపము పేరిట అమరావతి అని పేరు పెట్టిరి. భూసమీకరణ పథకము క్రింద ఆ ప్రాంతపు రైతులు 33 వేల ఎకరాలకు పైగా భూమిని అప్పగించిరి. అందులో ఏడాదికి పలు పంటలు పండు జరీబు భూములున్నవి, పత్తి పండు మెట్ట భూములున్నవి. అందుకు ప్రతిగా ఏటేట కౌలును, రాబోవు నగరములో స్థలములును వారికి వాగ్దానము చేసిరి. ఆ నగరమప్పటికి కాగితముమీదను, తెరమీదను మాత్రమే ఉండెను. సింగపూరు సంస్థ సమగ్ర ప్రణాళిక నిచ్చెను. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెమున ప్రధానమంత్రి శంకుస్థాపన చేసిరి. లండనుకు చెందిన ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ వారు శాసనసభకును, హైకోర్టుకును రూపకల్పన చేసిరి. వారి చిత్రములలో నీళ్లలో గోపురము నీడ వణకుచుండెను. చెట్లక్రింద జనము నడచుచుండిరి.

2017 సంవత్సరము ఈ కథలో ఆశ్చర్యకరమైనది. ఆ సంవత్సరము ఆగస్టు మొదలు అక్టోబరు వరకు లండనులోని బ్రిటిష్ మ్యూజియము, గూగుల్ సంస్థ సాయముతో, ఒక ప్రదర్శన నడిపెను. రెండువైపుల చెక్కిన అమరావతి ఫలకమొకటి నడుమ నిలిచెను. ఒక వైపున బోధివృక్షమును, శూన్యాసనమును కొలుచు భక్తులు. రెండవ వైపున, తరువాతి శతాబ్దములలో చెక్కిన మహాచైత్యపు బొమ్మ. డిజిటల్ చిత్రములతో ఆ మహాచైత్యమును చూపరుల యెదుట మరల నిలుపబూనిరి. అదే సంవత్సరము డిసెంబరులో బాహుబలి దర్శకులు ఎస్.ఎస్. రాజమౌళి క్రొత్త అమరావతి శాసనసభ నడిమి మందిరమును గూర్చి ఒక దృశ్యచిత్రమును ప్రజలముందు పెట్టిరి. ఆ మందిరమున తెలుగుతల్లి విగ్రహము. దానిమీద సూర్యకిరణములు వచ్చి వాలును. మార్చి, అక్టోబరు మాసములలో అరసవల్లి గర్భాలయమున ఆదిత్యుని విగ్రహముపై బాలసూర్యుని కిరణములు పడు తీరును అది తెలుగువారికి గుర్తు చేసినది.

ఒకే పేరు, ఒకే సంవత్సరము, రెండు కట్టడములు. ఒకటి నేలనుండి చెరిగిపోయినది. ఒకటి నేలమీదికి రానిది. రెండింటిమీదను పడిన వెలుగు కంప్యూటరు లెక్క కట్టినదే. తెరమీద చూచువానికి రెండును సమానముగా నిజములు.

కాని నేలమీద అవి సమానములు కావు. మొదటిదాని వెనుక రాతి సాక్ష్యమున్నది. రెండవదాని వెనుక వాగ్దానమున్నది. 2019లో ప్రభుత్వము మారిన తరువాత పనులు నిలిచినవి. ఆ ఏడు డిసెంబరునుండి రాజధాని పల్లెలలో రైతులు, ముఖ్యముగా స్త్రీలు, ఏండ్ల తరబడి దీక్షలలో కూర్చుండిరి. సగము లేచిన అంతస్తుల చుట్టు తుప్పలు మొలచినవి. పునాదులలో నీరు నిలిచినది. 2025 మే 2న ప్రధానమంత్రిచే పనులు తిరిగి ప్రారంభమైనవి. ఈ వివాదములో ఒప్పు ఎవరిది, తప్పు ఎవరిది అని తీర్పు చెప్పుట ఈ ప్రసంగపు పని కాదు. మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ సంవత్సరములన్నింటిలోను బొమ్మలోని గోపురము నీడ నీళ్లలో చెక్కు చెదరక వణకుచునే యుండెను. బొమ్మలోని మందిరమున ప్రతి ఉదయమును ఎండ వాలుచునే యుండెను. బొమ్మకు బీడు పడుట తెలియదు. పొలమునకు తెలియును.

అట్లని ఈ విద్యను నిందింపరాదు. బొమ్మ అబద్ధమాడలేదు. అది ఆడినది సగము నిజము. వెలుగు లెక్కలో మోసము లేదు. అట్టి గోడ అచ్చట నిలిచినచో, అట్టి కిటికీ ఉన్నచో, ఆ వేళకు ఎండ అట్లే పడును. లాంబర్ట్ సూత్రమును, కజియా సూత్రమును ఎవరును లంచమిచ్చి మార్చలేరు. కాని గోడ ఉన్నదని యంత్రమునకు చెప్పినది మనిషి. గది వెడల్పు చెప్పినది మనిషి. ఎదుట వేరొకరి మేడ లేదని చెప్పినది మనిషి. వెలుగు యంత్రపు మాట. గోడ మనిషి మాట. వెలుగు నిజమైనంత మాత్రమున మన కన్ను గోడను కూడ నమ్మివేయును. ఈ విద్యలో అపాయమంతయు అచ్చటనే ఉన్నది.

చరిత్ర పరిశోధకులు ఈ చిక్కును ముందుగా గుర్తించిరి. ప్రాచీన కట్టడములను కంప్యూటరుతో చూపువారు పాటింపవలసిన నియమములను లండన్ చార్టరు అను పేర కూర్చి, 2009లో సవరించిన పాఠమును వెలువరించిరి. అందలి సారాంశము సామాన్యమైనది. బొమ్మలో ఏ భాగము దొరికిన రాతినిబట్టి చేసినదో, ఏ భాగము ఊహయో చూచువానికి తెలియజెప్పవలెను. ఏ ఆధారముమీద ఏ నిర్ణయము చేసిరో వ్రాసి ఉంచవలెను. అమరావతి మహాచైత్యము విషయములో అండము వెడల్పునకు ఆధారమున్నది. శిఖరముమీది ఛత్రములకు ఫలకములమీది బొమ్మలే ఆధారము. ఈ రెండు ఆధారములకును బరువు ఒక్కటి కాదని చెప్పుట నిజాయితీ.

రాబోవు ఇండ్ల విషయములో చట్టమే కొంత తోడ్పడుచున్నది. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము 12వ సెక్షను ప్రకారము, ప్రకటననో, పరిచయ పత్రమునో, నమూనా ఇంటినో చూచి సొమ్ము కట్టినవాడు అందలి తప్పుడు సమాచారమువలన నష్టపోయినచో, నిర్మాత ఆ నష్టమును భరింపవలెను. అతడు ఒప్పందమునుండి వైదొలగ దలచినచో, కట్టిన సొమ్మును వడ్డీతో తిరిగి పొందవచ్చును. ఈ సంగతి తెలియక, చేతనున్న ప్రకటన కాగితమును పారవేయువారు పెక్కురు. దానిని దాచుకొనుడు. చేవ్రాలు చేయుటకు ముందు బొమ్మను ప్లానుతో సరిచూడుడు. గది పొడవు వెడల్పులు అడుగులలో అడుగుడు. బొమ్మలోని మంచమును ఆ కొలతలలో పరచి చూడుడు. కిటికీ ఏ దిక్కునకున్నదో, బొమ్మలోని ఎండ ఏ దిక్కునుండి వచ్చుచున్నదో పోల్చుడు. ఉత్తరపు కిటికీలో మధ్యాహ్నపు ఎండ చారలు బారెడు పొడవున గచ్చుమీద పడియున్నచో ఆ గదిని మన సీమలో ఎవరును కట్టలేరు.

రేడియోలో పనిచేయు మాకు ఈ విద్యయందు ఒక విధమైన చుట్టరికము కలదు. మేమును లేని గదులను కట్టుచుందుము. తలుపు కిఱ్ఱుమన్న ధ్వని, గచ్చుమీద చెప్పుల చప్పుడు, గోడ తగిలి తిరిగివచ్చిన గొంతు వినిపించినచో శ్రోతకు మండువా లోగిలి కనబడును. కాని మా గదిలోని గోడలను శ్రోత తన మనస్సున తానే కట్టుకొనును. కనుక అది ఊహ అని అతడు మరువడు. క్రొత్త విద్య ఊహను చూపరికి వదలక, గోడను, మేకును, మేకునకు తగిలించిన పటమును సైతము తానే సమకూర్చి పెట్టును. ఎంత సమకూర్చినదో అంతగా మనము అడుగవలసియున్నది.

అమరావతి శిల్పి తన స్తూపమును తాను చూచుచు చెక్కెను. అతని బొమ్మకు ప్రక్కనే కట్టడము నిలిచియుండెను. ఎవరైనను తల త్రిప్పి సరిచూచుకొన గలిగిరి. నేటి బొమ్మకు ప్రక్కన తరచుగా ఏమియు ఉండదు. అందుచేత సరిచూచు భారము చూచువానిమీద పడినది. సున్నపు గోడమీద ఎరుపు కనబడినప్పుడు కల్లములో మిరప ఉన్నదా అని మన పెద్దలు తల త్రిప్పి చూచెడివారు. మనమును అట్లే తల త్రిప్పి చూతము గాక.